నెట్‌వర్క్ సందేహాలు: 53 పోర్టులో ముందే ఎవరు కూర్చున్నారు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు డీఎన్‌ఎస్ సర్వర్ల (సైటు పేరు చెప్తే దాని ఐపీ అడ్రస్ వెతికిపెట్టే సర్వర్లు) గురించే, అదీ ఎక్కువగా ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచే. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు చిన్న ఆఫీసులూ కాలేజీలూ నెట్ సెంటర్లూ సొంతంగా ఒక డీఎన్‌ఎస్ సర్వర్ పెట్టుకుంటున్నాయంటే దానికి కారణం ఉంది. లైను నెమ్మదిగా ఉన్న చోట, ఒకసారి వెతికిన పేరుకి మళ్లీ మళ్లీ బయటికి వెళ్లకుండా లోపలే జవాబు దొరికితే పేజీ తెరుచుకోవడంలో తేడా కంటికి కనిపిస్తుంది. కాకపోతే అది ఆగిపోయినప్పుడు బాగుచెయ్యడానికి మనిషి బరంపురం నుంచో శ్రీకాకుళం నుంచో రావాలి, ఆ లోపు సెంటర్ మూసుకుని కూర్చోవాలి. అందుకే కొన్నిటికి కాస్త పెద్ద జవాబులే రాస్తున్నాను.

ప్రశ్న: సార్ నమస్తే. బస్టాండ్ దగ్గర నెట్ సెంటర్ నడుపుతున్నాను. స్కాలర్‌షిప్ అప్లికేషన్లు, సర్టిఫికెట్లు, అటు ఆంధ్రాలో చదివే పిల్లల ఫీజులు, అన్నీ ఇక్కడే కడతారు. ఒక పాత డెస్క్‌టాప్‌లో ఉబుంటు 22.04 వేసి డీఎన్‌ఎస్‌మాస్క్ అనే డీఎన్‌ఎస్ సర్వర్ ప్రోగ్రామ్ పెట్టాను. స్టార్ట్ చేస్తే ‘ఫెయిల్డ్ టు క్రియేట్ లిజనింగ్ సాకెట్ ఫర్ పోర్ట్ 53: అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్’ అని ఆగిపోతోంది. పోర్టు 5353కి మారిస్తే సర్వర్ లేచింది గానీ ఒక్క కంప్యూటర్‌లో కూడా సైట్లు రావట్లేదు. ఫైర్‌వాల్ కూడా ఆపేసి చూశాను. ఉబుంటులో ముందే ఉండే, పేర్లు వెతికిపెట్టే సిస్టమ్‌డి-రిజాల్వ్డ్ సర్వీస్‌ని పూర్తిగా తీసెయ్యమని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. తీసెయ్యమంటారా?
— ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: వద్దండి, తీసెయ్యొద్దు. ముందుగా ఆ ఫైర్‌వాల్ మళ్లీ ఆన్ చెయ్యండి, మీ సమస్యకీ దానికీ సంబంధం లేదు. ఆ తర్వాత పోర్టుని (మెషిన్లో ఒక్కో సర్వీసుకి ఉండే తలుపు నంబర్, డీఎన్‌ఎస్‌ది 53) తిరిగి 53కి తెచ్చెయ్యండి, ఎందుకో కింద చెప్తాను.

మీకొచ్చిన ఎర్రర్‌లోనే జవాబుంది. ‘అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్’ అంటే మీ కాన్ఫిగ్ తప్పని కాదు, నెట్ లేదని కాదు, ఆ పోర్టుని ఇంకో ప్రోగ్రామ్ ముందే పట్టుకుందని. ఆ ప్రోగ్రామ్ ఏదో ఊహించుకోనక్కర్లేదు, సిస్టమ్‌నే అడగొచ్చు. ఎస్‌ఎస్ అనే కమాండ్ ఉంది, దానికి టి, యు, ఎల్, పి, ఎన్ అనే ఐదు ఆప్షన్లు ఇచ్చి, ముందు సుడో (అడ్మిన్ హక్కుతో నడపమనే మాట) తప్పకుండా పెట్టి నడపండి. సుడో లేకపోతే పోర్టులు కనిపిస్తాయి గానీ వాటిని పట్టుకున్న ప్రోగ్రామ్ పేరు కనిపించదు, మనకి కావలసిందేమో ఆ పేరే. వచ్చిన జాబితాలో చివర :53 ఉన్న లైన్లు చూడండి. ఉబుంటులో దాదాపు ప్రతిసారీ 127.0.0.53, దాని పక్కన శాతం గుర్తు పెట్టి ఎల్‌ఓ (మెషిన్ తనలో తాను మాట్లాడుకునే దారి), ఆ తర్వాత :53 అని ఉంటుంది, కుడి చివర సిస్టమ్‌డి-రిజాల్వ్ అని పేరుంటుంది. అదే లైను యూడీపీకి ఒకటి, టీసీపీకి ఒకటి (డేటా పంపే రెండు పద్ధతులివి), రెండుసార్లు వస్తుంది. యూడీపీ లైన్లో ‘అన్‌కాన్’ అని కనిపిస్తే కనెక్షన్ తెగిపోయిందేమో అని టెన్షన్ పడకండి, యూడీపీకి అసలు కనెక్షన్ అనేదే ఉండదు కాబట్టి అక్కడ ఎప్పుడూ అలాగే ఉంటుంది.

ఇప్పుడు మీకో అనుమానం రావాలి. రిజాల్వ్డ్ కూర్చున్నది 127.0.0.53 మీద మాత్రమే కదా, మా సర్వర్ అడ్రస్ 192.168.1.10 కదా, గొడవెందుకు వచ్చింది? సాకెట్ అంటే పోర్టు ఒక్కటే కాదు. అడ్రస్, పోర్టు, టీసీపీనా యూడీపీనా అన్న సంగతి, ఈ మూడూ కలిస్తేనే ఒక చోటు అవుతుంది. రెండు ప్రోగ్రాములు వేరు వేరు అడ్రస్‌ల మీద ఒకే 53 పోర్టుని హాయిగా వాడుకోవచ్చు. కానీ డీఎన్‌ఎస్‌మాస్క్‌కి మనమేమీ చెప్పకపోతే అది 0.0.0.0 మీద, అంటే ఆ మెషిన్లో ఉన్న అడ్రస్‌లన్నిటి మీదా కూర్చోవాలని చూస్తుంది. బస్సు ఎక్కినాయన ఒక్క సీటు కోసం సీట్లన్నిటి మీదా తువ్వాలు పరిచినట్టు. ఆ అన్నిట్లో 127.0.0.53 కూడా ఉంది, అక్కడ ముందే ఒకరున్నారు, కాబట్టి కుదరదని కెర్నల్ చెప్పేస్తుంది.

అందుకని డీఎన్‌ఎస్‌మాస్క్‌కి నీ సీటు ఇదీ అని చెప్తే చాలు. దాని కాన్ఫిగ్ ఫైల్లో లిజన్-అడ్రస్ అనే లైన్లో 192.168.1.10 రాయండి, కింద బైండ్-ఇంటర్‌ఫేసెస్ అని ఇంకో లైను పెట్టండి. ఈ రెండో లైను మర్చిపోయేవాళ్లు చాలామంది ఉన్నారు, అది లేకపోతే మొదటి లైను ఉన్నా డీఎన్‌ఎస్‌మాస్క్ అన్ని అడ్రస్‌ల మీదా కూర్చుని, తనది కాని అడ్రస్‌కి వచ్చిన ప్రశ్నల్ని లోపల పారేస్తుంది తప్ప సాకెట్‌ని వదలదు. రెండూ పెట్టి రీస్టార్ట్ చేస్తే రిజాల్వ్డ్ దాని చోట అది, మీ సర్వర్ దాని చోట అది. నేనైతే ఈ దారే ఎంచుకుంటాను.

రెండో దారి, రిజాల్వ్డ్ ఫైల్లో డీఎన్‌ఎస్‌స్టబ్‌లిజనర్ అనే లైనుకి ‘నో’ అని పెట్టి దాన్ని 53 మీద నుంచి లేపెయ్యడం. ఇదీ మంచిదే, కానీ ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. మీ మెషిన్లో ఈటీసీ కింద ఉన్న రిజాల్వ్.కాన్ఫ్ మామూలు ఫైలు కాదు, ఇంకో ఫైలుకి లింకు, అందులో డీఎన్‌ఎస్ సర్వర్‌గా 127.0.0.53 అనే రాసి ఉంటుంది. రిజాల్వ్డ్‌ని అక్కడి నుంచి లేపేసి ఈ లింకుని అలాగే వదిలేస్తే, మీ సర్వరే పేర్లు వెతకలేక కూర్చుంటుంది, అప్పుడు కొత్త ప్యాకేజీ దించుకుందామన్నా దిగదు. ఆ లింకుని రన్ ఫోల్డర్ కింద సిస్టమ్‌డి, దానిలో రిజాల్వ్, ఆ లోపలున్న రిజాల్వ్.కాన్ఫ్ వైపు తిప్పాలి. మీ ఫ్రెండ్ చెప్పినట్టు మొత్తం తీసేసినవాళ్లకి ఎదురయ్యేది ఈ ఇబ్బందే. చేస్తే ఈ రెండు పనులూ ఒకే దఫా చెయ్యండి, లేదంటే జోలికి పోకండి.

ఇక 5353 సంగతి. సర్వర్ లేచింది, కానీ దాన్ని అడిగేవాళ్లకి అది అక్కడుందని తెలిసేదెలా? రూటర్ డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకి అడ్రస్‌లు తనంతట తనే పంచే పద్ధతి) ద్వారా కంప్యూటర్లకి డీఎన్‌ఎస్ వివరం పంపేది 6వ నంబర్ ఆప్షన్లో, అందులో ఐపీ అడ్రస్‌లు తప్ప పోర్టు నంబర్ రాసే చోటే లేదు. లినక్స్ రిజాల్వ్.కాన్ఫ్‌లోనూ లేదు, విండోస్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్ దగ్గర డీఎన్‌ఎస్ నింపే గడిలోనూ లేదు. అందరూ 53నే అడుగుతారు, వేరే పోర్టులో కూర్చుంటే మిమ్మల్ని అడిగే కంప్యూటర్ ఉండదు. పైగా 5353 ఎమ్‌డీఎన్‌ఎస్‌ది. నెట్‌వర్క్‌లో ప్రింటర్లని పేరుతో కనుక్కోవడానికి వాడేది అదే, లినక్స్‌లో అవాహి అనే ప్రోగ్రామ్ దాని మీదే ఉంటుంది. వేరే పోర్టు పనికొచ్చే సందర్భం ఒకటే, మీ 53 సర్వర్ వెనకాల ఇంకో డీఎన్‌ఎస్ ప్రోగ్రామ్‌ని పెట్టి, ముందున్నదానికి దాని పోర్టు నంబర్ చెప్పి పంపినప్పుడు. మీకిప్పుడు ఆ అవసరం లేదు.

ఫైర్‌వాల్‌లో 192.168.1.0/24 నుంచి 53 పోర్టుకి అనుమతి ఇవ్వండి, టీసీపీ అనో యూడీపీ అనో విడిగా రాయకపోతే ఉబుంటు ఫైర్‌వాల్ టూల్ యూఎఫ్‌డబ్ల్యూ రెండిటికీ తెరుస్తుంది. రెండూ ఎందుకు కావాలో బరంపురం పాఠకుడి ఉత్తరంలో ఉంది.

ప్రశ్న: నమస్తే సార్. మా కాలేజీ ల్యాబ్‌లో అన్‌బౌండ్ అనే డీఎన్‌ఎస్ సర్వర్ పెట్టాము, మామూలుగా బాగానే నడుస్తుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు మాత్రం డీఎన్‌ఎస్ లేవదు. లాగ్‌లో ‘కాంట్ బైండ్ సాకెట్: కెనాట్ అసైన్ రిక్వెస్టెడ్ అడ్రస్’ అని ఉంటుంది. నేను వెళ్లి చేత్తో రీస్టార్ట్ చేస్తే ఒక్కసారికే లేస్తుంది. వానాకాలంలో ఇది రోజూ పనైపోయింది. సర్వర్ పాడైందంటారా?
— ల్యాబ్ అసిస్టెంట్, గుణుపురం

జవాబు: సర్వర్ పాడవలేదు మేడమ్. చేత్తో రీస్టార్ట్ చేస్తే లేస్తోందంటే కాన్ఫిగ్ కూడా బాగున్నట్టే. ఇది కేవలం ముందువెనకల తకరారు.

పై ఉత్తరంలో ఎర్రర్ ‘ఆ చోట ఇంకొకరున్నారు’ అంటోంది, మీది ‘అసలు ఆ అడ్రస్ ఇంకా ఈ మెషిన్లో లేదు’ అంటోంది. లినక్స్‌లో మొదటిదాని నంబర్ 98, మీదాని నంబర్ 99. పక్కపక్క నంబర్లే అయినా మందు పూర్తిగా వేరు. కరెంటు రాగానే ఏం జరుగుతుందో చూడండి. సర్వర్, స్విచ్చి, రూటర్ మూడూ ఒకేసారి లేస్తాయి. ఈ రోజుల్లో ఎస్ఎస్‌డీ ఉన్న సర్వర్ గబగబా బూట్ అయిపోతుంది, రూటర్ మాత్రం తీరిగ్గా లేస్తుంది. సర్వర్‌కి ఐపీ అడ్రస్ రూటర్ నుంచే రావాలనుకోండి, అది వచ్చేలోపే అన్‌బౌండ్ లేచి ‘నేను ఫలానా అడ్రస్ మీద వింటాను’ అంటుంది, ఆ అడ్రస్ ఇంకా లేదు కాబట్టి ఆగిపోతుంది. మీరు వెళ్లేసరికి అడ్రస్ వచ్చేసి ఉంటుంది, అందుకే మీ చేతికి లొంగుతోంది.

అన్‌బౌండ్ కాన్ఫిగ్‌లో సర్వర్ అనే భాగం కింద ఐపీ-ఫ్రీబైండ్ అనే లైను పెట్టి ‘ఎస్’ అనండి. అప్పుడు అడ్రస్ ఇంకా రాకపోయినా సాకెట్ తెరిచి పెట్టుకుంటుంది, అడ్రస్ వచ్చిన క్షణం నుంచి జవాబులిస్తుంది. చాలావరకు ఈ ఒక్క లైనుతో మీ రోజువారీ పని తప్పుతుంది. డీఎన్‌ఎస్‌మాస్క్ వాడేవాళ్లకి ఇదే ఇబ్బంది వస్తే బైండ్-ఇంటర్‌ఫేసెస్ బదులు బైండ్-డైనమిక్ అని రాసుకోండి, కొత్తగా వచ్చే అడ్రస్‌లని అది తనంతట తనే గమనించి కూర్చుంటుంది. పర్లాకిమిడి పాఠకుడికీ కరెంటు కోతలు ఉండే ఉంటాయి, ఆయనా ఇది చూసుకోవడం మంచిది.

సిస్టమ్‌డి సర్వీస్ ఫైల్లో ఆఫ్టర్ అన్న చోట నెట్‌వర్క్-ఆన్‌లైన్.టార్గెట్ రాసి, వాంట్స్ అన్న చోట కూడా అదే రాయడం ఇంకో జాగ్రత్త. చాలామంది నెట్‌వర్క్.టార్గెట్ అని రాసి సరిపెట్టుకుంటారు, అది అడ్రస్ వచ్చేదాకా ఆగదు. ఫెయిలైతే కొన్ని సెకన్లాగి మళ్లీ ప్రయత్నించమని రీస్టార్ట్ లైను కూడా అక్కడే పెట్టొచ్చు.

ఇంకోమాట, డీఎన్‌ఎస్ సర్వర్‌కి అడ్రస్ డీహెచ్‌సీపీ ద్వారా ఇవ్వకూడదు, చేత్తో స్థిరంగా ఇవ్వాలి. రూటర్ ఎప్పుడైనా వేరే అడ్రస్ ఇచ్చిందంటే ల్యాబ్‌లో ఉన్న మెషిన్లన్నీ పాత అడ్రస్‌నే అడుగుతూ ఉంటాయి. కానీ స్థిరంగా ఇచ్చినంత మాత్రాన మీ సమస్య పూర్తిగా పోతుందనుకోకండి. ఉబుంటు సర్వర్‌లో ఆ పని చూసే సిస్టమ్‌డి-నెట్‌వర్క్‌డి, కేబుల్ అవతల స్విచ్చి లేచేదాకా మామూలుగా ఆ స్థిరమైన అడ్రస్ కూడా పెట్టదు. అందుకే ఫ్రీబైండ్ లైను ఎలాగూ ఉండాలి. కుదిరితే ఆ స్విచ్చికీ రూటర్‌కీ కూడా యూపీఎస్ నుంచే కరెంటు ఇప్పించమని మీ ప్రిన్సిపాల్ గారిని అడగండి.

ప్రశ్న: అన్నా, మా ఆఫీసులో బైండ్ 9 అనే డీఎన్‌ఎస్ సర్వర్ ఉంది. చాలా సైట్లు వస్తున్నాయి, కొన్ని పేర్లు మాత్రం ఎంతకీ రావు, చాలాసేపు తిరిగి తిరిగి ఆగిపోతాయి. ఫైర్‌వాల్‌లో 53 తెరిచే ఉంది, చూసుకున్నాను. యూడీపీ 53. ఇంకేం కావాలి?
— బరంపురం నుంచి ఒక తమ్ముడు

జవాబు: టీసీపీ 53 కావాలి తమ్ముడూ. డీఎన్‌ఎస్ అంటే యూడీపీ ఒక్కటే అన్న మాట ఎక్కడ మొదలైందో గానీ ఇప్పటికీ ట్రైనింగ్ సెంటర్లలో అలాగే చెప్తున్నారు, దానివల్ల ఎంతమంది రోజులు పాడవుతున్నాయో. 1987లో వచ్చిన డీఎన్‌ఎస్ ప్రమాణపత్రం ఆర్‌ఎఫ్‌సీ 1035లోనే రెండూ ఉన్నాయి. అప్పట్లో యూడీపీ జవాబుకి హద్దు 512 బైట్లు. అంతలో పట్టకపోతే సర్వర్ జవాబుని కుదించి, ‘ఇది పూర్తి కాదు’ అని ఒక గుర్తు పెట్టి పంపుతుంది, అది చూసి అడిగినవాడు టీసీపీ మీద మళ్లీ అడగాలి. తర్వాత ఈడీఎన్‌ఎస్ అనే పొడిగింపు వచ్చి హద్దు పెంచింది, ప్యాకెట్ ముక్కలైతే దారిలో పోతోందని 2020 నుంచి 1232 బైట్లకి ఉంచుకోవడం మంచిదని డీఎన్‌ఎస్ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లు అనుకున్నారు. డీఎన్‌ఎస్‌సెక్ (జవాబు అసలుదేనని రుజువు చేసే) సంతకాలున్న పేర్లకీ, పొడుగాటి టెక్స్ట్ రికార్డులున్న పేర్లకీ జవాబు ఆ హద్దు దాటిపోతుంది. మీకు రానివి ఆ పేర్లే. సర్వర్ టీసీపీ మీద మాట్లాడగలిగి తీరాలని 2016లో ఆర్‌ఎఫ్‌సీ 7766 కూడా ఖాయం చేసింది. మీ బైండ్ సర్వర్ బయటికి వెళ్లి అడిగే దారిలోనూ టీసీపీ 53 తెరిచి ఉందా చూడండి, లోపలికి వచ్చే దారి ఒక్కటే చూస్తే సరిపోదు.

పరీక్షించడం తేలిక. డిగ్ కమాండ్‌తో ఆ పేరునే ఒకసారి మామూలుగా, ఒకసారి ప్లస్ టీసీపీ అని చేర్చి అడగండి. జవాబు రాకపోతే ఏమని చెప్పి రాలేదో చదవండి, అంతా అక్కడే ఉంటుంది. ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అంటే మీ ప్రశ్న ఆ మెషిన్ దాకా వెళ్లింది, కానీ ఆ పోర్టులో వినేవాళ్లెవరూ లేరు, ఎక్కువసార్లు సర్వర్ లేవకపోవడమో, వేరే అడ్రస్ మీద కూర్చోవడమో అయి ఉంటుంది. ‘టైమ్డ్ అవుట్’ అంటే దారిలో ఎవరో ప్యాకెట్‌ని చప్పుడు లేకుండా పారేస్తున్నారు, అంటే ఫైర్‌వాల్ వైపు చూడాలి. మీరు చెప్పిన తిరగడం, ఆగిపోవడం ఇదే. స్టేటస్ దగ్గర ఒట్టి ‘రిఫ్యూజ్డ్’ అని ఉంటే అది పూర్తిగా వేరే సంగతి, పోర్టూ సాకెట్టూ రెండూ బాగున్నాయి, సర్వర్ మీ ప్రశ్న విని ‘నీకు చెప్పను’ అంటోంది. అప్పుడు బైండ్ కాన్ఫిగ్‌లో అలౌ-క్వెరీ, అలౌ-రికర్షన్ లైన్లలో మీ నెట్‌వర్క్ ఉందో లేదో చూడాలి. ‘రిప్లై ఫ్రమ్ అన్‌ఎక్స్‌పెక్టెడ్ సోర్స్’ అని వస్తే ఆ మెషిన్‌కి రెండు అడ్రస్‌లున్నాయి, మీరు ఒకదాన్ని అడిగితే అది రెండో దాని నుంచి జవాబిస్తోంది. అన్ని అడ్రస్‌ల మీదా ఒకే యూడీపీ సాకెట్ తెరిచే ప్రోగ్రాములతో ఇలా అవుతుంది, కావలసిన అడ్రస్‌ని పేరుపెట్టి రాస్తే పోతుంది.

మీరు పంపిన కాన్ఫిగ్‌లో ఇంకో లైను చూసి కంగారు పడ్డాను. క్వెరీ-సోర్స్ దగ్గర పోర్ట్ 53 అని స్థిరంగా రాసి ఉంది. పాత ఫైర్‌వాల్‌ల కాలంలో ఎవరో పెట్టి ఉంటారు, ఈరోజే తీసెయ్యండి. మీ సర్వర్ బయటికి అడిగే ప్రతి ప్రశ్నా ఒకే పోర్టు నుంచి వెళ్తే, దొంగ జవాబు పంపాలనుకునేవాడు ఊహించాల్సింది ప్రశ్నకి వేసే 16 బిట్ల గుర్తు నంబర్ ఒక్కటే, అంటే 65,536లో ఒకటి. 2008లో భద్రతా పరిశోధకుడు డాన్ కామిన్స్కీ బయటపెట్టింది ఈ బలహీనతనే. ఆ తర్వాతే చాలా డీఎన్‌ఎస్ సాఫ్ట్‌వేర్లు ప్రశ్న పంపే పోర్టుని ప్రతిసారీ మార్చడం మొదలుపెట్టాయి. ఆ లైను ఉన్నంతకాలం మీ ఆఫీసు ఆ రక్షణని వదులుకున్నట్టే.

ప్రశ్న: మా షాపులో విండోస్ సర్వర్. అందులోనే డీఎన్‌ఎస్, అందులోనే బిల్లింగ్ ప్రోగ్రామ్. బిల్లింగ్ యూడీపీ 50,100 పోర్టు వాడుతుంది. రీస్టార్ట్ చేసినప్పుడు ఒక్కోసారి ‘పోర్ట్ ఇన్ యూజ్’ అంటుంది, ఒక్కోసారి అనదు. వైరస్ అంటారా?
— ఒక వ్యాపారి, రాయగడ

జవాబు: వైరస్ కాదండి, మీ డీఎన్‌ఎస్ సర్వీసే. పైన చెప్పిన 2008 తర్వాత మైక్రోసాఫ్ట్ ఏం చేసిందంటే, విండోస్ డీఎన్‌ఎస్ సర్వర్ లేవగానే 2500 యూడీపీ పోర్టుల్ని ముందే పట్టి ఉంచుకునేట్టు చేసింది. వాటిని 49152 నుంచి 65535 మధ్యలో ఇష్టం వచ్చినట్టు ఎంచుకుంటుంది, మీ 50,100 ఆ మధ్యలోనే ఉంది. ఆ ఎంపికలో ఒకరోజు అది పడుతుంది, ఇంకోరోజు పడదు. తేల్చుకోవాలంటే ఈసారి ఎర్రర్ వచ్చినప్పుడు నెట్‌స్టాట్‌ని ఏ, ఎన్, ఓ ఆప్షన్లతో నడిపి 50100 పక్కనున్న ప్రాసెస్ నంబర్ చూడండి, టాస్క్ మేనేజర్‌లో ఆ నంబర్ డీఎన్‌ఎస్.ఈఎక్స్ఈదే అవుతుంది. డీఎన్‌ఎస్‌సీఎండీ టూల్‌తో సాకెట్‌పూల్‌ఎక్స్‌క్లూడెడ్‌పోర్ట్‌రేంజెస్ అనే సెట్టింగ్‌లో 50100-50100 అని ఇచ్చి డీఎన్‌ఎస్ సర్వీస్ రీస్టార్ట్ చేస్తే ఇక దాని జోలికి రాదు. ముందే పట్టి ఉంచే ఆ పోర్టుల సంఖ్యనే (పూల్ సైజు) సున్నా చేసెయ్యమని ఎవరైనా చెప్తే వినకండి, కాస్త ముందు బరంపురం తమ్ముణ్ణి తీసెయ్యమన్నది అలాంటి బలహీనతనే.

ప్రశ్న: పర్లాకిమిడిలో ఆఫీసు, అవతల పాతపట్నంలో గోడౌన్. గోడౌన్ వాళ్లు కూడా మా డీఎన్‌ఎస్ వాడుకోవడానికి రూటర్‌లో 53ని బయటికి ఫార్వర్డ్ చెయ్యొచ్చా?
— ఒక పాఠకుడు

జవాబు: చెయ్యకండి. ఊరూపేరూ లేనివాళ్లందరికీ జవాబిచ్చే డీఎన్‌ఎస్ సర్వర్‌ని ఇతరుల మీద దాడికి వాడుకుంటారు. యూడీపీలో పంపినవాడి అడ్రస్ దొంగది పెట్టడం సులువు, చిన్న ప్రశ్నకి మీ సర్వర్ పెద్ద జవాబు తయారుచేసి సంబంధం లేని వాడెవడి మీదో కుమ్మరిస్తుంది, మధ్యలో మీ లైను కూడా నిండిపోతుంది. రెండు చోట్లా వైర్‌గార్డ్ (రెండు చోట్లనీ కలిపే వీపీఎన్ టన్నెల్) పెట్టి, మీ సర్వర్‌ని ఆ టన్నెల్ అడ్రస్ మీద కూడా వినమనండి. టన్నెల్ కరెంటు వచ్చాక ఆలస్యంగా లేస్తుంది కాబట్టి గుణుపురం మేడమ్‌కి రాసిన జవాబు మీకూ వర్తిస్తుంది.